మీటరు పందెపు పడవకి ఇంట్లోనే చెక్క హల్: బద్దలతో కట్టే పద్ధతి (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మన పడవ రేడియోతో నడిపే నమూనా తెరచాప పడవ. ఈ రోజు దాని హల్, అంటే పడవ ఒళ్లు, దాని గురించి మాత్రమే మాట్లాడుకుందాం. తెరచాపలు, రేడియో, తెరచాప తాళ్లు లాగే వించ్ మోటారు, అన్నీ పక్కన పెట్టేద్దాం. వాటిని తర్వాత మార్చుకోవచ్చు, కొత్తవి కొనుక్కోవచ్చు. హల్ వంకరగా వచ్చిందంటే మాత్రం ఆ పడవ బతికినన్నాళ్లూ అది వంకరే.

ఉదాహరణకి ఇంటర్నేషనల్ వన్ మీటర్ పడవని తీసుకుంటున్నాను. ఐఓఎం అంటాం కదా, అదే. ఎందుకంటే దాని కొలతలు చాలామందికి తెలుసు, ప్లాన్లు కూడా బాగా దొరుకుతాయి. రూల్ ప్రకారం హల్ పొడవు 1000 మిల్లీమీటర్లు దాటకూడదు. ఫిన్ అంటే హల్ అడుగు నుంచి నిలువుగా కిందకి దిగే రెక్క, బల్బు అంటే దాని చివరనుండే బరువు. ఈ రెండింటితో కలిపి నీటి లోపలి లోతు 420 దాటకూడదు. హల్ ఒక్కటీ నీళ్లలో 60 మిల్లీమీటర్లకి మించి దిగకూడదు. మొత్తం పడవ 4000 గ్రాములకి తగ్గకూడదు. ఫిన్, బల్బు కలిపి 2200 నుంచి 2500 గ్రాముల మధ్య ఉండాలి. ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది: ముక్కు దగ్గర ముందు 10 మిల్లీమీటర్లు రబ్బరు లాంటి మెత్తటి పదార్థంతో ఉండాలి. అంటే మీ చెక్క హల్ 990 దగ్గర ఆగిపోవాలి. ముందు 1000 కట్టేసి, తర్వాత బంపర్ కోసం ముక్కు కోసుకోవడం ఎవరికీ సరదా కాదు. హల్లో కార్బన్ కూడా వాడకూడదు. చెక్క, గాజు నారతో నేసిన గుడ్డ, దాన్ని చెక్కకి అతికే ఎపాక్సీ రెసిన్, ఇవి చాలు మనకి.

ఇక్కడొక ప్రశ్న వస్తుంది. కనీస బరువు 4000 అని రూలే పెట్టినప్పుడు హల్ తేలికగా ఎందుకు కట్టాలి? ఎలాగూ 4000 చెయ్యాల్సిందే కదా? చెయ్యాల్సిందే. కానీ ఆ బరువు ఎక్కడ ఉంటుంది అన్నది మీ చేతిలో ఉండాలి. హల్ తేలికగా వస్తే, మిగిలిన బరువుని సీసం ముక్కలుగా పడవ మధ్యలో, అడుగున, మీకు నచ్చిన చోట పెట్టుకుంటారు. హల్ బరువుగా వస్తే ఆ బరువు ముక్కులోనూ, వెనక చివర్లోనూ, డెక్ అంటే పైకప్పు, దాని అంచుల్లోనూ ఉండిపోతుంది. చివర్ల బరువు ఎక్కువైతే అల వచ్చినప్పుడల్లా పడవ ముక్కు పైకీ కిందకీ ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ వేగం పోతుంది. కాబట్టి రెండు మాటలు గుర్తుపెట్టుకోండి: వంకర, బరువు. ఇవాళ చెప్పేదంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

సరే, ప్లాన్ దగ్గర మొదలుపెడదాం. పూర్తి సైజులో ప్రింటు తీశాక, కత్తెర పట్టేముందు కొలబద్ద పెట్టండి. ప్లాన్ మీద 100 మిల్లీమీటర్ల గీత ఉంటే అది నిజంగా 100 ఉందా? పొడవులోనూ కొలవండి, వెడల్పులోనూ కొలవండి. ప్రింటర్ ఒక దిక్కులో సరిగ్గా వేసి ఇంకో దిక్కులో ఒక శాతం సాగదీసిందనుకోండి, మీటరు హల్ మీద ఆ ఒక శాతమే 10 మిల్లీమీటర్లు.

తర్వాత అచ్చులు. అంటే హల్ అడ్డకోత ఆకారంలో కోసిన పలకలు, వీటి మీదే బద్దలు వంచి ఒకదానికొకటి అతికిస్తాం. హల్‌కి అడ్డంగా, సుమారు 100 మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున, పది దాకా వస్తాయి. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ గానీ ఎండీఎఫ్ గానీ చాలు. ఇవి హల్లో ఉండిపోయేవి కావు, పని అయ్యాక తీసేస్తాం. ప్లాన్‌లో గీసిన గీత దేనిదో ముందు చూసుకోండి. హల్ బయటి తలానిదా, అచ్చుదా? బయటి తలానిదైతే బద్ద మందం తగ్గించి కొయ్యాలి. ఎంత తగ్గించాలి? బద్ద 3 మిల్లీమీటర్లే, కానీ సాండ్ పేపర్ పట్టాక మిగిలేది 2.5. కాబట్టి 2.5 తగ్గించండి. మూడూ తగ్గించేస్తే ప్లాన్ కన్నా సన్నటి పడవ వస్తుంది. కంప్యూటర్లో గీసేవాళ్లకి ఇది ఒక్క కమాండు. చేత్తో గీసేవాళ్లు కంపాస్‌ని 2.5కి బిగించి, గీత పొడుగునా చిన్న చిన్న చాపాలు లోపలి వైపు గీసి, వాటి అంచుల్ని కలుపుకుంటే సరిపోతుంది.

హల్‌ని బోర్లా కడతాం. అంటే ప్రతి అచ్చుకీ డెక్ గీత దాటి కాళ్లు ఉండాలి, ఆ కాళ్లన్నీ ఒకే ఆధార గీత దగ్గర ఆగాలి. ప్రతి అచ్చు మీద రెండు గీతలు తప్పనిసరిగా ఉండాలి: నిలువుగా మధ్య గీత, అడ్డంగా ఆధార గీత. పెన్సిల్‌తో కాదు, కత్తి మొనతో గీయండి. పెన్సిల్ గీత మందంలోనే అర మిల్లీమీటరు పోతుంది.

అచ్చులు నిలబెట్టే బల్ల సంగతి. 18 మిల్లీమీటర్ల మందం, 1200 పొడవు, 200 వెడల్పు ఉన్న బోర్డు తీసుకోండి. అది చదునుగా ఉందో లేదో చూడటానికి కొలబద్ద ఒక్కటే చాలదు. బల్ల మెలి తిరిగి ఉండొచ్చు. రెండు చివర్లా రెండు సూటి బద్దలు అడ్డంగా పెట్టి, ఒక చివర నుంచి ఒక కన్ను మూసి చూడండి. రెండు బద్దల పై అంచులూ ఒకదాని వెనక ఒకటి దాక్కోవాలి. ఒక పక్క ఎత్తుగా కనిపిస్తే బల్ల మెలి తిరిగినట్టే. ఆ మెలి మీ హల్లోకి అలాగే దిగుతుంది. కింద ఇంకో రెండు నిలువు బద్దలు స్క్రూ చేసి బిగిస్తే చాలావరకు సరి అవుతుంది.

ఇప్పుడు దీన్ని జాగ్రత్తగా వినండి, ఇక్కడే చాలా హల్స్ పాడవుతాయి. ఒక్కో అచ్చు ఎక్కడ నిలబడాలో చూపే అడ్డ గీత ఉంటుంది, దాన్ని స్టేషన్ గీత అంటాం. ఆ గీతకి అచ్చుని ఏ వైపు నిలబెట్టాలి? అచ్చు మందం 6 మిల్లీమీటర్లు. గీత మీద దాని ముందు ముఖం ఉండాలా, వెనక ముఖం ఉండాలా? హల్ మధ్యలో వెడల్పు, చివరలకి సన్నం. ముందు సగంలో అచ్చుని గీతకి ముక్కు వైపు పెట్టారనుకోండి, అక్కడ హల్ ఇంకా సన్నబడాలి, కానీ అచ్చు సన్నబడదు, బయటికి పొడుచుకొస్తుంది. దాని మీద బద్ద వేస్తే గుబ్బ వస్తుంది. కాబట్టి అచ్చు ఒళ్లంతా మధ్య వైపు ఉండాలి. ముందు సగంలో అచ్చు ముందు ముఖం గీత మీద. వెనక సగంలో అచ్చు వెనక ముఖం గీత మీద. ఇలా పెడితే అంచులు వాలుగా చెక్కాల్సిన పని కూడా ఉండదు.

అచ్చులన్నీ నిలబెట్టాక మధ్య గీతలన్నీ ఒక సన్నటి దారం కిందకి రావాలి. మూలమట్టంతో ప్రతిదీ నిట్టనిలువుగా ఉందో చూడండి. తర్వాత 3 బై 3 మిల్లీమీటర్ల పైన్ బద్ద ఒకటి, నారలో ముడులు లేనిది, అచ్చుల మీద పొడుగునా వంచి ఆనించండి. అడుగున ఒకసారి, పక్కన రెండు మూడు ఎత్తుల్లో ఒకసారి. ప్రతి అచ్చునీ అది తాకాలి. తాకని చోట కాగితం ముక్క అంటించి ఎత్తు చెయ్యండి. ఎత్తిపెట్టే చోట గరుకు కాగితంతో తగ్గించండి. ఈ పనికి ఒక సాయంత్రం పడుతుంది, పట్టనివ్వండి. బద్దలు అతికాక ఇదే తప్పుని సరిచెయ్యడానికి లప్పం కావాలి, లప్పం అంటే బరువు.

చివరగా అచ్చుల అంచులకి సెలో టేపు చుట్టండి. లేకపోతే జిగురుతో హల్ అచ్చులకే అంటుకుపోతుంది, తీసేటప్పుడు చీలుతుంది. వెనక ట్రాన్సమ్, అంటే హల్ వెనక చివరని మూసే పలక, 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ది, ముక్కు దగ్గర బాల్సా అనే తేలిక చెక్కలో గట్టి రకం దిమ్మ, డెక్ అంచున 5 బై 5 స్ప్రూస్ చెక్క బద్దలు రెండు. ఇవి మాత్రం హల్లో ఉండిపోతాయి, వీటికి టేపు చుట్టకండి. అచ్చుల్లో ఆ స్ప్రూస్ బద్దలకి గాడులు ముందే కోసి ఉంచాలి.

ఇక చెక్క. బాల్సానా, సెడారా? లెక్క వేద్దాం. ఈ సైజు హల్ ఉపరితలం సుమారు 0.22 చదరపు మీటర్లు అనుకుందాం. 2.5 మిల్లీమీటర్ల మందంతో, ఘనపు మీటరుకి 150 కిలోలు తూగే బాల్సా అయితే చెక్క 82 గ్రాములు వస్తుంది. ఎర్ర సెడార్ ఘనపు మీటరుకి 370 అనుకుంటే 200 గ్రాములు దాటుతుంది. 120 గ్రాముల తేడా. మొదటి హల్ కట్టేవాళ్లకి నేను అయినా సెడారే చెబుతాను. ఎందుకంటే బాల్సా మీద వేలు గట్టిగా పెడితే గుంట పడుతుంది, సాండ్ పేపర్ ఒక్క నిమిషం ఆదమరిస్తే సగం మందం ఎగిరిపోతుంది. సెడార్ క్షమిస్తుంది. చేయి కుదిరాక బాల్సాకి వెళ్లండి. బాల్సా తీసుకునేవాళ్లు ఒక్కో షీటుని తూచి తీసుకోండి. ఒకే సైజు షీట్లలో ఒకటి ఇంకోదానికి రెండింతలు తూగుతుంది. ఎడమకీ కుడికీ ఒకే రకం పడేట్టు జతలు కట్టుకోండి, లేకపోతే ఒక పక్క గట్టిగా, ఒక పక్క మెత్తగా ఉండి సాండింగ్‌లో హల్ ఒక వైపు తరిగిపోతుంది.

ఎన్ని బద్దలు? మధ్య అచ్చు మీద అడుగు మధ్య నుంచి డెక్ అంచు దాకా కాగితపు పట్టీ చుట్టి కొలవండి. 150 వచ్చిందనుకుందాం. 10 మిల్లీమీటర్ల బద్దలైతే ఒక పక్కకి 15, రెండు పక్కలా 30. విరిగేవి ఉంటాయి కాబట్టి 36 కోసుకోండి. ఇప్పుడు ముక్కు దగ్గర కొలవండి. అక్కడ 75 ఉందనుకోండి. 15 బద్దలు 75లో పట్టాలంటే ఒక్కొక్కటి అక్కడ 5 మిల్లీమీటర్లకి సన్నబడాలి. వెనక 120 ఉంటే 8 మిల్లీమీటర్లు. ఇలా ప్రతి అచ్చు దగ్గరా లెక్క కట్టి, ఆ వెడల్పులు బద్ద మీద గుర్తు పెట్టి, చిన్న చిత్రికతో అంచు తీసెయ్యండి. నాలుగు బద్దలు కలిపి బిగించి ఒకేసారి చిత్రిక పడితే పని తొందరగా అవుతుంది.

సన్నం చెయ్యకపోతే ఏమవుతుంది? బద్ద తన పల్చటి దిక్కులో హాయిగా వంగుతుంది, వెడల్పు దిక్కులో వంగదు. బలవంతంగా పక్కకి తోస్తే ఒక అంచు లేస్తుంది. గుండుసూదులు గుచ్చి నొక్కిపెడతారు, జిగురు ఆరుతుంది, సూదులు తీస్తారు, మళ్లీ లేస్తుంది. ఆ లేచిన అంచుని సాండింగ్‌లో తీసేస్తే అక్కడ మందం ఒక మిల్లీమీటరే మిగులుతుంది. మరో సంగతి, బద్ద వెడల్పు ఏ చివరైనా సగానికంటే తగ్గితే సూదికి పట్టు ఉండదు. అలాంటి హల్ అయితే ముక్కు దగ్గర ఒక బద్దని మధ్యలో ఆపేసి, పక్క బద్దలోకి ఏటవాలుగా గాడి కోసి కలిపెయ్యండి.

అతికించే వరస: డెక్ అంచు నుంచి మొదలుపెట్టి, ఎడమ ఒకటి, కుడి ఒకటి, మళ్లీ ఎడమ ఒకటి, కుడి ఒకటి. ఒక పక్క మూడు వరసలు వేసేసి రెండో పక్కకి వెళ్లకండి. వంచిన బద్దలన్నీ ఒక పక్కే లాగుతాయి, అచ్చులు ఎంత గట్టిగా బిగించినా ఆ లాగుడుకి హల్ మెలి తిరుగుతుంది. కింది బద్ద వంపు తిరిగే చోట రెండు బద్దల మధ్య బయటి వైపు వి ఆకారపు సందు కనిపిస్తుంది. ఆ సందుని జిగురుతో నింపొద్దు. కొత్త బద్ద అంచుని కొద్దిగా వాలుగా తీస్తే అది పూర్తిగా కూర్చుంటుంది.

అవునండీ, జిగురు ఏది అని అడుగుతున్నారు. పసుపు రంగు కలప జిగురు. తెల్ల జిగురు సాండింగ్‌లో వేడెక్కి ఉండలు కడుతుంది. సయనో జిగురు, అదే నిమిషంలో పట్టేది, దాంతో పని తొందరగా అవుతుంది గానీ అది చెక్క కన్నా చాలా గట్టిగా ఆరుతుంది. సాండ్ పేపర్ మెత్తటి బాల్సాని తింటుంది, జిగురు గీతని తినదు. ఆఖరికి ప్రతి అతుకు దగ్గరా సన్నటి గట్టు మిగులుతుంది. రంగు వేశాక వెలుతురులో బద్దలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. సయనోని అచ్చుకి తాత్కాలికంగా ఒక చుక్క పెట్టడానికి వాడండి, అంతే.

ముక్కు దగ్గర బాగా వంగాల్సిన బద్దని బయటి వైపు గోరువెచ్చటి నీళ్లతో తడపండి. తడిసిన వైపు ఉబ్బి బద్ద లోపలికి వంగుతుంది. జిగురు లేకుండా అచ్చు మీద సూదులతో బిగించి రాత్రంతా ఆరనివ్వండి. మర్నాడు తీసి, జిగురు పెట్టి అతికించండి. తడి బద్దనే అతికిస్తే ఆరాక కుంచించుకుపోయి పక్క బద్దతో సందు ఏర్పడుతుంది. బద్ద పొడవు చాలకపోతే అతుకు 1కి 8 వాలులో కొయ్యండి. 3 మిల్లీమీటర్ల బద్దకి 24 మిల్లీమీటర్ల ఏటవాలు. పక్కపక్క బద్దల అతుకులు ఒకే అచ్చు దగ్గర పడకూడదు.

సాండింగ్‌కి వద్దాం. చేత్తో పట్టుకున్న కాగితం వద్దు. వేళ్లు మెత్తటి చోట ఎక్కువ తింటాయి. 300 మిల్లీమీటర్ల పొడవున్న, కొద్దిగా వంగే పల్చటి ప్లైవుడ్ పట్టీకి కాగితం అంటించండి. ముందు 80 నంబరు కాగితం, తర్వాత 120, ఆపైన 180. హల్ అంతా పెన్సిల్‌తో పిచ్చిగీతలు గీయండి. పట్టీని పొడుగునా కాకుండా ఏటవాలుగా, రెండు దిక్కుల్లోనూ తోయండి. గీతలు పోయిన చోట ఎత్తు, మిగిలిన చోట గుంట. గుంట కోసం చుట్టూ ఉన్నదంతా తగ్గించకండి. మధ్యమధ్యలో గదిలో దీపాలు ఆపి, ఒక్క లైటుని హల్ పక్క నుంచి నేలబారుగా వెయ్యండి. పగటి వెలుతురులో కనిపించని అలలన్నీ అప్పుడు నీడలుగా బయటపడతాయి. మిగిలిన గుంటలకి ఎపాక్సీలో మైక్రోబెలూన్స్, అంటే లోపల బోలుగా ఉండే సన్నటి పొడి, కలిపిన లప్పం, అది తేలిక, సులువుగా తరుగుతుంది. గట్టి లప్పం పెడితే మళ్లీ సయనో కథే.

గాజు గుడ్డ వేసే ముందు ఒక పని, హల్ ఇంకా బల్ల మీద ఉండగానే. ఫిన్ గాడి, చుక్కాని రంధ్రం ఇప్పుడే గుర్తుపెట్టి కొయ్యండి. మధ్య గీత నిజంగా ఎక్కడుందో బల్లకే తెలుసు. హల్‌ని తీసేశాక మధ్య గీత అంటే ఊహే.

గుడ్డ చదరపు మీటరుకి 48 గ్రాములది. మన 0.22కి ఒక పొర 11 గ్రాముల లోపే. రెసిన్ కూడా దాదాపు గుడ్డ బరువంతే పట్టాలి, చెక్క తాగేది కొంత అదనం. గదిని ముందు వెచ్చగా ఉంచి, పని మొదలుపెట్టే సమయానికి హీటర్ ఆపేసి, వేడి తగ్గుతుండగా రెసిన్ పూయండి. ఇదెందుకు? చెక్క సందుల్లో గాలి ఉంటుంది. గది వేడెక్కుతుంటే ఆ గాలి వ్యాకోచించి తడి రెసిన్‌లోంచి బుడగలుగా బయటికొస్తుంది. చల్లబడుతుంటే గాలి కుంచించుకుని రెసిన్‌ని చెక్క లోపలికి లాగుతుంది. పొద్దున పని మొదలుపెట్టి ఎండ ఎక్కేకొద్దీ బుడగలతో కుస్తీ పట్టేవాళ్లు సాయంత్రం చేసి చూడండి.

రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్, రెండింటి పాళ్లు సీసా మీద ఉన్నట్టే. అక్కడ రాసింది బరువు పాళ్లా, పరిమాణం పాళ్లా? రెండూ ఒకటి కావు. తొందరగా ఆరుతుందని హార్డెనర్ ఎక్కువ వేస్తే తొందరగా ఆరదు, ఎప్పటికీ జిగటగా ఉండిపోతుంది. ఒకేసారి 30, 40 గ్రాములకి మించి కలపకండి. కలిపాక లోతు కప్పులో ఉంచితే తన వేడికి తనే ఉడికి గట్టిపడుతుంది, పల్చటి పళ్లెంలో పరవండి. గుడ్డని పొడిగానే హల్ మీద పరిచి, అంచుల్లో 20 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి, రెసిన్‌ని అడుగు మధ్య నుంచి పోసి పాత ప్లాస్టిక్ కార్డుతో కిందకి లాగండి. చివరిగా మళ్లీ కార్డుతో అదనపు రెసిన్ గీకెయ్యండి. గుడ్డ అల్లిక కనిపిస్తూ, మెరుపు లేకుండా ఉంటే సరిపోయినట్టు. తళతళ మెరుస్తుంటే గుడ్డ రెసిన్ మీద తేలుతోంది, బరువు ఎక్కింది. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. చేతికంటితే సబ్బుతో కడుక్కోండి, అసిటోన్‌తో కాదు. ఆరాక పైన మైనం లాంటి పొర తేలితే నీళ్లతో తుడిచి ఆ తర్వాతే గరుకు కాగితం పట్టండి, లేకపోతే రంగు పట్టదు.

ఇప్పుడు హల్‌ని బల్ల నుంచి తీస్తాం. తీసే ముందు డెక్ అంచుల మధ్య మూడు నాలుగు చోట్ల అడ్డ బద్దలు తాత్కాలికంగా అతికించండి. లేకపోతే అచ్చులు తియ్యగానే పక్కలు విచ్చుకుంటాయి, వెడల్పు 3, 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అచ్చుల్ని ఒక్కొక్కటే కొంచెం తిప్పి ఊడదీయండి. లోపల జిగురు కారిన చోట్లు గీకి, లోపలా గుడ్డ వెయ్యండి. 25 గ్రాములదైనా చాలు. బయట మాత్రమే వేసి లోపల వదిలేస్తే? చెక్క లోపలి వైపు నుంచి తేమ పీల్చుకుంటుంది, ఆ వైపే ఉబ్బుతుంది, బయటి వైపు కదలదు. ఒకటి రెండు నెలల్లో హల్ ఆకారం మారిపోతుంది.

ఫిన్ పై చివర దూరే ఫిన్ పెట్టె. 1.5 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో, లోపలా గాజు గుడ్డతో. 2.4 కిలోల బరువు దాదాపు 35 సెంటీమీటర్ల కింద వేలాడుతోంది. గాలికి పడవ వాలినప్పుడల్లా ఆ బరువు ఈ పెట్టెని పక్కకి పెకిలించడానికి చూస్తుంది. పెట్టె అడుగున అతికితే చాలదు. అది డెక్ దాకా లేవాలి, పైన ఒక అడ్డ దూలానికి, పక్కల 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చట్రానికి అతకాలి. అతికేటప్పుడు ఫిన్‌ని అందులోనే ఉంచి, దానికి టేపు చుట్టి, హల్‌ని బోర్లా పెట్టి సరిచూడండి. డెక్ అంచుల మీద అడ్డంగా ఒక సూటి బద్ద, ముక్కు నుంచి ట్రాన్సమ్ మధ్యకి ఒక దారం. ఫిన్ ఒక్క డిగ్రీ పక్కకి వాలితే 350 మిల్లీమీటర్ల దూరంలో బల్బు 6 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. చుక్కాని గొట్టం కూడా ఇప్పుడే, ఫిన్‌ని చూసుకుంటూ అతికించండి. రెండూ ఒకే తలంలో ఉండాలి. వెనక నుంచి చూస్తే ఫిన్ వెనక చుక్కాని దాక్కోవాలి.

ప్రశ్నలా? అడగండి. అచ్చుల్నే లోపల వదిలేస్తే గట్టిగా ఉంటుంది కదా అంటున్నారు. గట్టిగానే ఉంటుంది. కానీ అచ్చు ఉన్న చోట బద్దలు కదలవు, మధ్యలో కదులుతాయి. ఎండకీ నీళ్లకీ కొన్నాళ్లకి హల్ మీద పక్కటెముకల్లా గట్లు బయటపడతాయి. బరువు వేరే. చట్రాలు తెరచాప కొయ్య కింద, ఫిన్ దగ్గర, రెండు చోట్ల చాలు.

బద్దలు ఎందుకు, పల్చటి ప్లైవుడ్ షీటే చుట్టొచ్చు కదా? చుట్టొచ్చు, పని సగానికి సగం తగ్గుతుంది. కానీ 0.8 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఒకసారికి ఒక దిక్కులోనే వంగుతుంది. గుండ్రటి అడుగు దానితో రాదు. మూలలున్న హల్ డిజైన్ తీసుకోండి, మూలల కోసమే గీసిన ప్లాన్. గుండ్రటి ప్లాన్‌కి ప్లైవుడ్ చుట్టాలని చూస్తే షీటు ముడతలు పడుతుంది.

డెక్ మూసేముందు నీళ్లలో వేసి చూడాలా? తప్పకుండా. ఫిన్, బల్బు బిగించి, బ్యాటరీ, రిసీవర్, వించ్ వాటి చోట్లలో టేపుతో పెట్టి, తెరచాప కొయ్య బరువుకి బదులు దాని చోట సీసం పెట్టి, అంతా కలిపి 4000 గ్రాములకి తెచ్చి తొట్టిలో దింపండి. ప్లాన్‌లో నీటి గీత ముందు, వెనక ఎక్కడ ఉండాలో ముందే హల్ మీద గుర్తు పెట్టి ఉంచండి. ముక్కు మునిగితే బ్యాటరీని వెనక్కి జరపండి, 10, 20 మిల్లీమీటర్లు చాలు చాలాసార్లు. ఆ చోటు తేలాకే బ్యాటరీ పళ్లెం అతికించండి, దాని మీద డెక్‌లో మూత కొయ్యండి. ట్రాన్సమ్‌లో కింద ఒక చిన్న రంధ్రం, దానికి బిరడా కూడా పెట్టుకోండి. నీళ్లు ఎలాగూ వస్తాయి, వచ్చినవి పోవడానికి దారి ఉండాలి.